మూడు గీతలు ఒకటయ్యేదాకా: డైనో మీద నా ఆక్టేవియా

2023 మే నెలలో ఒక మధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద, నా స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230ని మొదటిసారి డైనో ఎక్కించాను, అంటే చక్రాలను రోలర్ల మీద తిప్పి బండి పవర్ కొలిచే యంత్రం మీదికి. బయట 42 డిగ్రీల ఎండ. నాది ఆటోమేటిక్, అక్కడ ఎక్కువగా మాన్యువల్ గేర్ల బళ్లే పరీక్షిస్తారని నాకు తర్వాత తెలిసింది.

ఆపరేటర్ సెలెక్టర్‌ను డీలో పెట్టి, రోలర్లు కాస్త వేగం అందుకోగానే యాక్సిలరేటర్‌ను నేలదాకా తొక్కాడు. గేర్‌బాక్స్ దాని పని అది చేసింది. రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు దిగినట్టే రెండు గేర్లు కిందికి దిగింది. ఇంజన్ ఒక్కసారిగా అరిచింది, మళ్లీ పై గేరుకు మారింది. ఈలోపు డాష్‌బోర్డు మీద ఈఎస్‌సీ దీపం, అంటే బండి జారకుండా కాపాడే వ్యవస్థది, వెలిగింది. ముందు చక్రాలు వంద దాటి తిరుగుతున్నాయి, వెనక చక్రాలు కదలడమే లేదు. బండి జారిపోతోందని కంప్యూటర్ పవర్ తగ్గించేసింది. ఇదే పని మూడుసార్లు జరిగింది.

చేతికొచ్చిన కాగితం మీద గీత రంపం పళ్లలా ఉంది. చక్రాల దగ్గర 163 హార్స్‌పవర్ అని అచ్చయింది. కంపెనీ ఈ ఇంజన్‌కి చెప్పే లెక్క 230. చక్రాల దాకా వచ్చేసరికి కొంత పోతుందని తెలుసు కానీ, ఇంత తేడా ఎలా వస్తుందో అర్థం కాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. 2018 మోడల్, నా చేతికొచ్చేసరికి 58,000 కిలోమీటర్లు తిరిగింది. ఏళ్ల తరబడి కోరుకుని, బ్యాంకు లోన్ పెట్టి తెచ్చుకున్నాను. ఇంజన్ పాడైందా, గేర్‌బాక్స్ పోయిందా, నన్ను మోసం చేసి అమ్మారా అని ఒకటే టెన్షన్.

వారం తర్వాత ఆ కాగితాన్ని మా మెకానిక్ భాయ్‌కి చూపించాను. ఆయన అరనిమిషం చూసి పక్కన పెట్టేశాడు. "ఇది ఇంజన్ గ్రాఫ్ కాదు సార్, గేర్లు మారిన గ్రాఫ్. దీన్ని బట్టి బండి బాగుందనీ చెప్పలేం, బాలేదనీ చెప్పలేం" అన్నాడు. ఆ మాటతోనే ఈ ప్రయాణం మొదలైంది. డైనో మీద బండిని ఎక్కించడం పది నిమిషాల పని. ఎక్కించడానికి తగినట్టు చేయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

డైనో హార్స్‌పవర్‌ను నేరుగా కొలవదు. రోలర్ మీద పడే తిప్పుడు బలాన్నీ (అదే టార్క్), రోలర్ వేగాన్నీ కొలుస్తుంది. వాటి నుంచి పవర్‌ను లెక్క కడుతుంది. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎంతో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి, 7022తో భాగిస్తే మెట్రిక్ హార్స్‌పవర్ వస్తుంది. నా బండికి కంపెనీ చెప్పిన టార్క్ 350 న్యూటన్ మీటర్లు, 1,500 నుంచి 4,600 ఆర్‌పీఎం దాకా. 350ని 4,600తో గుణించి భాగించి చూడండి, 229 దాటుతుంది. కంపెనీ చెప్పిన 230 దాదాపు అక్కడి నుంచే మొదలై 6,200 దాకా సమంగా ఉంటుంది. ఈ లెక్క కుదిరిన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. టార్క్ గీత బల్లలా సాగి, తర్వాత మెల్లగా వాలాలి. పవర్ గీత ఏటవాలుగా ఎక్కి, పైన బల్లపరుపుగా నిలవాలి. నా బండి గ్రాఫ్ ఎలా ఉండాలో నాకు ముందే తెలిసినట్టయింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇంజన్ ఆర్‌పీఎంకీ రోలర్ వేగానికీ మధ్య నిష్పత్తి పరుగు మొత్తం మారకూడదు. అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే గేరు ఉండాలి. మాన్యువల్ బండిలో అది డ్రైవర్ చేతిలో ఉంటుంది. ఆటోమేటిక్‌లో గేర్‌బాక్స్‌ని ఒప్పించాలి.

అందుకే మొదట గేర్‌బాక్స్ పనే పెట్టుకున్నాను. నాది ఆరు గేర్ల డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఆయిల్‌లో మునిగి ఉండే రెండు క్లచ్‌లది. ప్రతి 60,000 కిలోమీటర్లకు దాని ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. పాత ఓనర్ ఇచ్చిన బిల్లుల్లో ఆ సర్వీసు ఎక్కడా కనిపించలేదు. నా చేతిలో బండి అప్పటికే 64,000 దాటింది. భాయ్ డ్రెయిన్ బోల్టు విప్పగానే నల్లటి ఆయిల్ దిగింది. అయస్కాంతానికి అంటిన లోహపు పొడి మాత్రం బూడిదలా మెత్తగా ఉంది. ముక్కలు లేవు. ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసి "క్లచ్‌లు బతికే ఉన్నాయి" అన్నాడు. మే నెల నుంచి మోస్తున్న బరువు సగం అక్కడే దిగిపోయింది.

ఈ గేర్‌బాక్స్‌లో కొత్త ఆయిల్ పోసి మూత బిగిస్తే సరిపోదు. ఇంజన్ నడుస్తుండగా, గేర్ ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు లెవెల్ చూడాలి. హైదరాబాద్ ఎండలో ఆ వేడి చూస్తుండగానే దాటిపోతుంది. అందుకని పొద్దున ఆరున్నరకే షెడ్డుకు వెళ్లాం. ల్యాప్‌టాప్‌లో డిగ్రీలు చదవడం నా పని, కింద బోల్టు దగ్గర ఉండటం భాయ్ పని. నేను "38" అనగానే ఆయన విప్పాడు. ఎక్కువైన ఆయిల్ సన్నటి ధారగా కారి, చుక్కలుగా మారాక బిగించాడు. తర్వాత ల్యాప్‌టాప్‌తోనే క్లచ్‌లు ఎక్కడ పట్టుకోవాలో గేర్‌బాక్స్‌కి మళ్లీ నేర్పించే సెట్టింగ్ చేశాం. ఆటోమేటిక్ బండిని డైనోకి తీసుకెళ్లాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ ఒక్క పనే. క్లచ్ కొద్దిగా జారినా ఆర్‌పీఎం పెరుగుతుంది, చక్రం వేగం పెరగదు. గ్రాఫ్‌లో అది ఇంజన్ లోపంలాగే కనిపిస్తుంది.

మా బావ దగ్గర బీఎండబ్ల్యూ 330ఐ ఉంది. దానిది ఆయిల్ ద్వారా బలం అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న ఎనిమిది గేర్ల జడ్‌ఎఫ్ గేర్‌బాక్స్. అక్కడ కథ వేరు. కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ పట్టుకుని ఉండాలి, లేకపోతే లోపలి ఆయిల్ జారుడులో లెక్కంతా తప్పుతుంది. ఆరో గేరులో నిష్పత్తి ఒకటికి ఒకటి కాబట్టి చాలామంది దాన్నే ఎంచుకుంటారు. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండి అయితే నాలుగు రోలర్ల డైనో తప్పనిసరి. బండి ఏదైనా, గేర్‌బాక్స్ ఏ రకమో చెప్పకుండా స్లాట్ బుక్ చేసుకోకూడదు.

ఇంజన్ వైపు పని జులైలో మొదలుపెట్టాం. మా తమ్ముడు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద, వేగ పరిమితి లోపలే, మూడో గేరులో 2,000 నుంచి 5,000 ఆర్‌పీఎం దాకా లాగి లాగ్ (ఇంజన్ కంప్యూటర్ చెప్పే అంకెల రికార్డు) తీశాం. మూడో సిలిండర్‌లో ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, ఐదారు డిగ్రీలు వెనక్కి పోతోంది. నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండడం) వినిపించినప్పుడు ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి చేసే పని అది. కాపాడుకుంటుంది, కానీ పవర్ తగ్గుతుంది. స్పార్క్ ప్లగ్స్ విప్పితే నాలుగూ అరిగి ఉన్నాయి, వాటి గడువు కూడా దాటిపోయింది. నాలుగూ మార్చాం. అప్పటిదాకా ఏ బంకు కనిపిస్తే ఆ బంకులో మామూలు 91 ఆక్టేన్ పెట్రోల్ కొట్టించేవాణ్ని. ఆ రోజు నుంచి 95కి మారాను. ఒక్క ట్యాంకుతో తేడా తెలియలేదు. రెండో ట్యాంకు సగమయ్యాక తీసిన లాగ్‌లో మూడో సిలిండర్ వెనక్కి పోవడం ఒక డిగ్రీ లోపలికి తగ్గింది. డైనోకి వెళ్లే ముందు బంకులో మంచి పెట్రోల్ పోయించి నేరుగా రోలర్ ఎక్కించేవాళ్లున్నారు. ఇంజన్‌కి ఆ పెట్రోల్ అలవాటు కావడానికి కొంత దూరం నడవనివ్వాలి.

అయినా 5,000 దగ్గర బూస్ట్, అంటే టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి, అడిగినంత రావడం లేదు. భాయ్ స్మోక్ టెస్ట్ పెట్టాడు. గాలి వెళ్లే దారిలోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపి, ఎక్కడి నుంచి బయటికొస్తుందో చూడటమే ఆ పరీక్ష. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు మూతి దగ్గర సన్నటి పొగ నూలుపోగులా పైకి లేచింది. అక్కడి రబ్బరు సీలు ఒక పక్క నలిగిపోయింది. దాని చుట్టూ ఆయిల్ తడి, ఆ తడికి దుమ్ము పట్టి ఉంది. నేను నెలల తరబడి ఆ మరకను చూసి, కడిగితే పోతుందిలే అనుకున్నాను. కొత్త సీలు వచ్చేసరికి పది రోజులు పట్టింది. వేయడానికి పావుగంట చాలింది.

జనవరికి బెంగళూరులోని ఒక డైనోలో స్లాట్ అడిగాను. ఫోన్ ఎత్తిన అబ్బాయి తెలుగువాడు, వాళ్లది హిందూపురం. డబ్బు మాట ఎత్తకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"డీఎస్‌జీనా అన్నా? గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చినారు? లాగ్ ఏమన్నా ఉందా? ముందు టైర్లకి పంచర్లు ఉండాయా?"

ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వెళ్లి చూస్తే ఎడమ ముందు టైరుకు పంచరు పూడ్చిన ఒక ప్లగ్ ఉంది. రోలర్ మీద టైరు వేడెక్కిపోతుంది, ఆ వేగంలో ప్లగ్ ఊడితే పక్కనున్నవాళ్ల ప్రాణానికే ప్రమాదం. నాది ముందు చక్రాల బండి కాబట్టి వెనక చక్రాలు ఎలాగూ తిరగవు. వెనక ఉన్న మంచి టైరును ముందుకు, ప్లగ్ ఉన్నదాన్ని వెనక్కి మార్చించాను. చక్రాల బోల్టులను టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకు బిగించాం. టైరు గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లను స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటీ పీకాను. రోలర్ మీద అవి తూటాల్లా వస్తాయని ఆ అబ్బాయే చెప్పాడు.

పరీక్షకు ముందురోజు హైదరాబాద్ నుంచి బయల్దేరాను. జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ. దారంతా నింపాదిగా నడిపాను. సాయంత్రానికి బెంగళూరు చేరి, బండిని రాత్రంతా నిలిపి ఉంచాను. పొద్దున ఎనిమిదికి వెళ్లేసరికి చలి గాలి వీస్తోంది. ట్యాంకులో సగం పెట్రోల్. డిక్కీలో నా బ్యాగు, స్టెప్నీ, అంతే.

అక్కడ నేను చూసిన శ్రద్ధ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బండి ఎక్కగానే పరుగు మొదలుపెట్టలేదు. ముందు స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్‌లు లేవని చూసుకున్నారు. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టారు. వెనక టో హుక్ నుంచి రెండు బెల్టులు నేలలోని కొక్కాలకు లాగి కట్టారు. ముందు చక్రాల బండి రోలర్ మీద పక్కలకు జరుగుతుంది, అందుకని ముందు కూడా రెండు వైపులా అడ్డంగా కట్టి, స్టీరింగ్ నిటారుగా ఉందో లేదో నెమ్మది వేగంలో రెండుసార్లు చూసుకున్నారు. టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా 36కి పెట్టారు. ఏసీ ఆపారు. ఈఎస్‌సీని స్క్రీన్ మెనూలోకి వెళ్లి ఆఫ్ చేశారు. నా మొదటి డైనోలో ఎవరూ చేయని పని ఇది. బండి ముందు మనిషి ఎత్తున్న ఫ్యాను పెట్టారు. "ఎంత పెద్ద ఫ్యానైనా రోడ్డు మీది గాలి రాదన్నా. అందుకే రన్‌కీ రన్‌కీ మధ్య ఆగాల" అన్నాడు ఆ అబ్బాయి.

ఇంజన్ ఆయిల్ 90 డిగ్రీలకు, గేర్ ఆయిల్ 80కి దగ్గరయ్యేదాకా తేలిగ్గా నడిపారు. చల్లటి ఆయిల్‌తో లాగితే ఇంజన్‌కీ మంచిది కాదు, అంకె కూడా తక్కువే వస్తుంది.

గేరు మాన్యువల్ మోడ్‌లోకి తెచ్చి, నాలుగులో పెట్టాడు. మూడులో అయితే ఆర్‌పీఎం మరీ త్వరగా పరుగెత్తి టర్బో నిండేలోపే సగం గ్రాఫ్ అయిపోతుంది, టైరు జారే ప్రమాదమూ ఎక్కువ. ఐదులో రోలర్ వేగం, వేడి రెండూ అనవసరంగా పెరుగుతాయి. ఇక అసలు సంగతి. ఈ బండి యాక్సిలరేటర్ చివర ఒక చిన్న బటన్ ఉంటుంది, తొక్కితే టక్కుమంటుంది. అదే కిక్‌డౌన్. మాన్యువల్ మోడ్‌లో ఉన్నా సరే, దాన్ని నొక్కితే గేరు కిందికి దిగిపోతుంది. "ఆ టక్కు దాకా పోకూడదన్నా, దానికి వెంట్రుకవాసి ముందు ఆపాల" అని, బండి ఆపి ఉన్నప్పుడే పాదంతో నాలుగైదుసార్లు తొక్కి ఆ చోటు పట్టుకున్నాడు. ఆ చోట త్రాటిల్ వంద శాతం ఉందని ల్యాప్‌టాప్‌లో చూసుకున్నాడు. మే నెలలో నా గ్రాఫ్‌ను రంపంలా కోసినవాటిలో ఈ బటన్ ఒకటి. అవతలి చివర ఇంకో జాగ్రత్త ఉంది. రెడ్‌లైన్ (ఇంజన్ ఆర్‌పీఎం గరిష్ఠ హద్దు) తగిలితే మాన్యువల్‌లో కూడా గేర్‌బాక్స్ తనంతట తానే పై గేరు వేస్తుంది, కాబట్టి 6,300 దగ్గరే కాలు తీసేయాలి.

మొదటి రన్‌లో 2,000 నుంచి ఒక్క గేరులో, ఒక్క శ్వాసలో లాగింది. షెడ్డు కిటికీలు అదిరాయి. కాలు తీశాక సెలెక్టర్ న్యూట్రల్‌లోకి తెచ్చి రోలర్లను వాటంతట అవే నెమ్మదించనిచ్చాడు. ఆ నెమ్మదించే తీరును బట్టి టైర్లలో, ఇరుసుల్లో ఎంత బలం పోతోందో ఈ డైనో అంచనా వేసి, చక్రాల అంకెకు కలిపి ఇంజన్ అంకె చెబుతుంది. తర్వాత ఎనిమిది నిమిషాలు ఫ్యాను కింద నిలిపారు. రెండో రన్. మళ్లీ ఎనిమిది నిమిషాలు. మూడో రన్.

చక్రాల దగ్గర 191, 189, 190. అంకెల కంటే నన్ను కదిలించింది స్క్రీన్ మీది గీతలు. మూడు రంగుల గీతలు ఒకదాని మీద ఒకటి పడి, చాలా చోట్ల ఒకే గీతలా కనిపించాయి. 2,500 నుంచి 4,400 దాకా టార్క్ బల్లలా ఉంది, ఇంజన్ లెక్కలో 338 దగ్గర. తర్వాత ఒడిదుడుకు లేకుండా వాలింది. ఏ క్లచ్చూ జారలేదు, ఏ సిలిండరూ వెనక్కి తగ్గలేదు, గాలి ఎక్కడా కారలేదు. నేను జులైలో కాగితం మీద గీసుకున్న బొమ్మే అది. గొంతులో ఏదో అడ్డుపడినట్టై కాసేపు మాట రాలేదు.

పోయిన బలాన్ని కలిపితే ఇంజన్ దగ్గర 222 వచ్చింది. ఆ అబ్బాయి మౌస్‌తో ఒక నొక్కు నొక్కాడు. 222 కాస్తా 248 అయింది.

అది కరెక్షన్. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఆ ఉదయం గాలి ఒత్తిడి 912 మిల్లీబార్లు, షెడ్డులో 24 డిగ్రీలు. జర్మన్ డిన్ పద్ధతి అంకెను 1013 మిల్లీబార్లకు, 20 డిగ్రీలకు మార్చి చెబుతుంది. టర్బో లేని ఇంజన్‌కి అది న్యాయమే, ఎందుకంటే గాలి పలచబడినంత మేరా దాని బలం తగ్గుతుంది. టర్బో ఇంజన్ అలా ఊరుకోదు. బయట గాలి పలచగా ఉంటే టర్బోని ఇంకాస్త వేగంగా తిప్పి లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. తాను పూడ్చుకున్న లోటును మళ్లీ లెక్కలో కలిపితే అంకె ఉబ్బుతుంది. ఆ అబ్బాయే ఇదంతా చెప్పి "ఏది ప్రింట్ తీయమంటారన్నా?" అని అడిగాడు.

248 అని నలుగురికీ చూపించుకోవాలని ఒక్క క్షణం మనసు లాగిన మాట నిజం. కానీ రేపు నేను ఇంజన్ ట్యూన్ చేయించి ఇదే రోలర్ల మీదికి తిరిగొచ్చినప్పుడు, పోల్చుకోవడానికి నాకు నిజమైన అంకె కావాలి. కరెక్షన్ లేని గ్రాఫే తీయించుకున్నాను. ఆ రోజు ఒత్తిడి, వేడి, గేరు, టైర్లలో గాలి, ఏ పెట్రోలో కూడా కాగితం కిందే రాయించాను. మే నెల 163ని దీనితో పోల్చలేను. ఆ డైనో వేరు, ఎండ వేరు, గేర్లు మారిన లెక్క అసలే వేరు. ఎనిమిది నెలల పనితో ఎంత పెరిగిందని ఎవరైనా అడిగితే నా దగ్గర అంకె లేదు. మూడో సిలిండర్ లాగ్, పాత సీలు, ఈ మూడు గీతలు ఉన్నాయి.

ట్యూన్ గురించి కూడా అక్కడే మాట్లాడుకున్నాం. నా గేర్‌బాక్స్ తట్టుకుంటుందని చెప్పే టార్క్ 350, ఇంజన్ ఇప్పటికే దాదాపు అంత ఇస్తోంది. ఇంజన్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చి గేర్‌బాక్స్‌ని వదిలేస్తే క్లచ్‌ల మీద భారం పడుతుంది. రెండింటినీ కలిపి చేయాలి, లేదా టార్క్‌ను అదుపులో ఉంచి పైన ఆర్‌పీఎంలో మాత్రం పెంచుకోవాలి. నాకు రెండో దారి నచ్చింది.

బెల్టులు విప్పాక ఈఎస్‌సీ ఆన్ చేశాం, టైర్ల గాలి మామూలుకు దించాం, బోల్టులు మరోసారి బిగించాం. ఆ అబ్బాయి ముందు టైర్ల మీద చెయ్యి పెట్టి వేడి చూసి, "అరగంట ఆగి బయల్దేరండన్నా. దోవలో హిందూపురం వైపు తిరిగితే మా అమ్మ చేతి రాగి సంకటి తిని పోవచ్చు" అన్నాడు. అరగంట ఆగాను. గ్రాఫ్‌ను మడత పెట్టబుద్ధి కాలేదు. ఫైల్లో పెట్టి పక్క సీటు మీద ఉంచి, గేరు డీలో వేశాను.